రెండేళ్ల కాలేజీలో ఆసియా సార్, మ్యూజిక్ మేడమ్

అమెరికాలో ఉండే మన తెలుగు వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కమ్యూనిటీ కాలేజీ, అంటే ఇక్కడి రెండేళ్ల కాలేజీ, మాట వచ్చేది రెండే సందర్భాల్లో. హైస్కూల్లో ఉన్న పిల్లాడి చేత వేసవి సెలవుల్లో కాల్‌క్యులస్ ముందే లాగించేద్దామని ఒకసారి, "వాళ్ళబ్బాయికి మంచి యూనివర్సిటీలో ఎక్కడా రాలేదట, పాపం కమ్యూనిటీ కాలేజీలో చేరాడట" అని గొంతు తగ్గించి చెప్పుకోవడానికి ఇంకోసారి. నేను ఈ రెండింటిలోకీ రాను. హెచ్4, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చుని పిచ్చెక్కిపోతుంటే, మా ఆయన పోరు పెట్టగా వెళ్ళి చేరినదాన్ని. హెచ్4 వాళ్ళు చదువుకోవడానికి వేరే వీసా అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఉండి ఏడాది దాటితే ఫీజు కూడా ఇక్కడి వాళ్ళు కట్టేదే, యూనిట్‌కి 46 డాలర్లు. మూడు యూనిట్ల క్లాసు 138 డాలర్లు. మా కాస్ట్‌కో సరుకుల బిల్లు అంతకంటే ఎక్కువ వస్తుంది.

అందరూ తీసుకునేవే నేనూ తీసుకున్నాను, అకౌంటింగ్, డేటాబేస్, అలాంటివి. పనికొచ్చాయి, తర్వాత ఉద్యోగం కూడా వచ్చింది, వాటి గురించి చెప్పడానికి అంతకు మించి ఏమీ లేదు. ఈ పోస్ట్ నా సర్టిఫికెట్‌తో ఏ సంబంధమూ లేకుండా, టైమ్ కుదిరింది కదా అని తీసుకున్న రెండు క్లాసుల గురించి. ఒకటి ఆసియా నాగరికతల చరిత్ర, రెండోది ప్రపంచ సంగీతం. కాలేజీ పేరు గానీ ఆ ఇద్దరు టీచర్ల పేర్లు గానీ రాయను, వాళ్ళవి ఎలాంటి ఉద్యోగాలో కింద చదివితే ఎందుకు రాయట్లేదో మీకే తెలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో పాఠం చెప్పడం నిజంగా వచ్చిన వాళ్ళని చూడాలంటే కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళాలి. పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కి పేరొచ్చేది పరిశోధన వల్ల, క్లాసులో నసిగినా పెద్దగా పోయేదేమీ లేదు. ఇక్కడ పాఠమే ఉద్యోగం. ఫుల్‌టైమ్ వాళ్ళకి సెమిస్టర్‌కి ఐదు క్లాసుల దాకా ఉంటాయి. ఎదురుగా కూర్చునేదేమో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సింగ్ అమ్మాయి, వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే కుర్రాడు, అరవై దాటిన రిటైర్డ్ మెకానిక్, పదహారేళ్ల హైస్కూలు పిల్ల, నాలాంటి ఇల్లాలు. వీళ్ళలో ఎవరికీ ఆసియా గురించి తెలుసుకోకపోతే నిద్రపట్టని బాధేమీ లేదు. నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే ఆర్ట్స్ కింద ఏదో ఒకటి, హ్యుమానిటీస్ కింద ఏదో ఒకటి పూర్తి చెయ్యాలి కాబట్టి వచ్చారంతే. అలాంటి జనాన్ని మొదటి రోజే పట్టుకోలేకపోతే రెండో వారానికి డ్రాప్ కొట్టేసి పోతారు.

మ్యూజిక్ మేడమ్ మొదటి రోజు సిలబస్ జోలికే పోలేదు. చేతులు బల్ల మీద పెట్టమన్నారు. అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పు, దెబ్బ, చెయ్యి తిప్పు. ఎనిమిది. ఏ దేశందో చెప్పలేదు, పేరూ చెప్పలేదు. తెనాలిలో మా సంగీతం టీచరుగారు తొడ మీద వేయించిన ఆది తాళాన్ని వరస బల్లల మీద ముప్ఫై మంది అమెరికా వాళ్ళు వేస్తుంటే నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. ఉంగరపు వేలు దగ్గర అందరూ తడబడుతున్నారు. వీళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టడం చిటికెన వేలు నుంచి మొదలుపెట్టరు కదా, ఆ వేలు విడిగా లేవదు. ఆవిడ తన చెయ్యి పైకెత్తి అందరికీ కనపడేలా మెల్లిగా చూపిస్తూ, కాస్త కుదిరాక, "ఇప్పుడు పొద్దున ఏం తిన్నారో పక్కవాళ్ళకి చెప్పండి, చెయ్యి మాత్రం ఆగకూడదు" అన్నారు. గదంతా గోల. మెకానిక్ తాతగారు ఒక్కరే తప్పకుండా వేశారు, ఇంజిన్ వినీ వినీ అలవాటని చెప్పారు.

ఆ వెంటనే జావా గమెలాన్, అంటే ఇండొనేషియా వాళ్ళ గాంగుల, లోహపు వాయిద్యాల బృందం రికార్డింగ్ పెట్టి, పెద్ద గాంగ్ మోగిన ప్రతిసారీ చెయ్యెత్తమన్నారు. మనకి ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టులో, మొదటి దెబ్బ మీద బరువుంటుంది. జావా వాళ్ళకి బరువంతా చివర, పెద్ద గాంగ్ మోగితే చక్రం పూర్తయినట్టు. చిన్నప్పటి నుంచీ తాళం వేస్తున్నదాన్ని, లెక్క అంతా ముగింపు వైపు వాలేట్టు కూడా సంగీతం కట్టొచ్చని నాకెప్పుడూ తోచలేదు. స్లెండ్రో అనే వాళ్ళ స్వరాల వరసలో ఐదు స్వరాలు, మన చెవికి ఎక్కడో మోహన రాగం పోలిక తగులుతుంది, కానీ ఆ ఐదూ దాదాపు సమాన దూరంలో ఉంటాయట. పైగా ఒక్కో గమెలాన్ సెట్టుకి దాని శ్రుతి దానిదే. ఒక సెట్టులో వాయిద్యం తీసుకెళ్ళి ఇంకో సెట్టులో కలిపితే పొసగదు. ఇవన్నీ ఆవిడ ఉపన్యాసంలా చెప్పలేదు, వినిపించి, ఏం వినపడిందో మా చేతే చెప్పించి, మేం చెప్పలేని చోట మాత్రం రెండు ముక్కలు చెప్పేవారు.

కాలిఫోర్నియాలో ఈ సంగీతానికీ కమ్యూనిటీ కాలేజీలకీ పాత చుట్టరికమే ఉంది. శాంటాక్రూజ్ దగ్గర ఆప్టాస్‌లో కబ్రిలో కాలేజీ ఉంది, అది రెండేళ్ల కాలేజీయే. ఆ ఊళ్ళో లూ హారిసన్ అనే స్వరకర్త ఉండేవారు. 1960ల మొదట్లో కొరియా, తైవాన్ వెళ్ళి అక్కడి సంగీతం నేర్చుకుని వచ్చారు. తర్వాత జావా నుంచి వచ్చి కాలిఫోర్నియాలో పాఠాలు చెబుతున్న పాక్ చొక్రో అనే గురువుగారి దగ్గర గమెలాన్ పట్టారు. హారిసన్ సహచరుడు విలియం కోల్విగ్ ఇక్కడ దొరికే లోహపు రేకులు, గొట్టాలతోనే గమెలాన్ వాయిద్యాలు తయారుచేసేవారు. హారిసన్ శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో చెప్పారు, కబ్రిలోలోనూ చెప్పారు. 1963లో ఆ కాలేజీలో మొదలైన కబ్రిలో సంగీతోత్సవం ఇప్పటికీ నడుస్తోంది. దానికి పునాది ఆప్టాస్‌లోని ఒక కాఫీ కొట్టు దగ్గర జరిగిన చిన్న కచేరీలు. పేరున్న స్వరకర్త రెండేళ్ల కాలేజీలో పాఠం చెప్పడం నామోషీ అనుకోలేదన్నమాట, మన వాట్సాప్ గ్రూపు వాళ్ళకి చెప్పాలి.

ఇంకో పేరు కూడా మేడమ్ నోట తరచూ వచ్చేది, రాబర్ట్ బ్రౌన్. మృదంగం మీద పీహెచ్‌డీ చేసిన అమెరికన్. 'వరల్డ్ మ్యూజిక్' అనే మాటని 1960ల మొదట్లో వెస్లియన్ యూనివర్సిటీలో వాడుకలోకి తెచ్చింది ఆయనే అంటారు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డు మీద జావా గమెలాన్ ఉంది, దాన్ని రికార్డు చేసింది బ్రౌన్. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది, దాన్ని సిఫారసు చేసిందీ ఆయనే. ఈ సంగతి చెప్పిన రోజు వేర్‌హౌస్ కుర్రాడు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టాడు. రికార్డు ఎక్కడిదాకా వెళ్ళిందో అని ఆ తర్వాత అదే ఫోన్‌లో వెతుక్కున్నాడు, అది వేరే విషయం.

క్లాసులో ఒక వియత్నాం అమ్మాయి, వాళ్ళ తాతగారు దాన్ బౌ వాయిస్తారని ఏదో మాటల్లో అంది. ఒకటే తీగ ఉండే వాయిద్యం. తీగ చివర వంగే కడ్డీ ఉంటుంది, దాన్ని ఎడం చేత్తో వంచుతూ స్వరం సాగదీస్తారు. మేడమ్ అక్కడికక్కడే సిలబస్‌లో ఒక రోజు ఖాళీ చేసి ఆ పెద్దాయన్ని పిలిపించారు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు, మనవరాలు పక్కన నిలబడి చెప్పింది. ఒక్క తీగ మీద ఆ గమకాలు వింటుంటే... మన వీణ వాళ్ళు వినాలి. ఆ రోజు ఆవిడ తన కుర్చీ ఆయనకిచ్చి వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నారు, టీచరుగా నాకు ఆవిడ అప్పుడే ఎక్కువ నచ్చారు.

మన వంతు కూడా వచ్చింది. దక్షిణ భారతం వారంలో త్యాగరాజ కృతి వినిపించారు. సాహిత్యం తెలుగు అని స్పష్టంగా చెప్పారు, కావేరి ఒడ్డున తిరువయ్యూరులో కూర్చుని తెలుగులో ఎందుకు రాశారో తంజావూరు కొలువుల చరిత్రతో సహా చెప్పారు. నాకు మహా గర్వంగా ఉంది. అంతలో ఆవిడ నా వైపు తిరిగి, పల్లవి అర్థం చెప్పమన్నారు. చెప్పాను. మరి ఆ భాష వచ్చిన వాళ్ళు వినేటప్పుడు మాట ముందు తగులుతుందా, రాగం ముందు తగులుతుందా అని అడిగారు. ఇప్పటికీ దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మీకు తెలిస్తే కామెంట్లలో రాయండి.

ఇప్పుడు ఆవిడ కారు డిక్కీ సంగతి. ఒకసారి సామాను మొయ్యడానికి సాయం వెళ్ళాను. శ్రుతి పెట్టె, రెండు డప్పులు, ఫిలిప్పీన్స్ దక్షిణ ద్వీపాల కులింతాంగ్ గాంగులు బీచ్ తువ్వాళ్ళలో చుట్టి, దిద్దాల్సిన పేపర్ల కట్ట, మడత కుర్చీ, మార్చుకోవడానికి ఒక జత బట్టలు. ఆవిడకి కాలేజీలో గది లేదు. పొద్దున ఒక ఊళ్ళో, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో, సాయంత్రం మా దగ్గర, మధ్యలో 880 ఫ్రీవే. ఇలాంటి వాళ్ళని ఇక్కడ 'ఫ్రీవే ఫ్లయర్స్' అంటారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ టీచర్లలో సగం కంటే ఎక్కువ మంది పార్ట్‌టైమే. రాష్ట్ర చట్టం ప్రకారం ఒక కాలేజీ డిస్ట్రిక్ట్‌లో పార్ట్‌టైమ్ టీచరు ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం మించి చెప్పకూడదు, 2009కి ముందు అది 60. పర్మనెంట్ చెయ్యకుండా ఏళ్ళ తరబడి వాడుకోకూడదనే మంచి ఉద్దేశంతో పెట్టిన హద్దే, కానీ జరుగుతున్నదేమిటంటే ఆ మిగతా జీతం కోసం వాళ్ళు పక్క డిస్ట్రిక్ట్‌కి కారేసుకుని పోవడం. హెల్త్ ఇన్సూరెన్స్ ఇంకో తలనొప్పి, 2022 బడ్జెట్‌లో రాష్ట్రం దానికోసం ఏడాదికి 20 కోట్ల డాలర్లు కేటాయించాక కొంచెం నయం అంటారు.

సంగీతానికి ప్రత్యేకంగా ఇంకో దెబ్బ ఉంది. ఒకప్పుడు కాలేజీ కాయిర్ (బృందగానం)లోనో ఆర్కెస్ట్రాలోనో ఊళ్ళో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి పేరు నమోదు చేసుకుని పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. డబ్బుల్లేని రోజుల్లో రాష్ట్రం ఆ రిపీట్లకి అడ్డుకట్ట వేసింది, 2013 నుంచి ఒకే కోవకి చెందిన సాధన క్లాసులు నాలుగు దాటి తీసుకోవడానికి లేదు. చదువు త్వరగా ముగించుకుని సీటు ఖాళీ చెయ్యాలన్నది లెక్క. సాధన అంటే ఏమిటో తెలిసిన వాళ్ళెవరూ ఆ గదిలో లేరేమో! సంగీతం నాలుగు సెమిస్టర్లలో వచ్చేస్తుందంటే మా తెనాలి టీచరుగారు చెప్పు తీసుకునేవారు. కొత్త పిల్లలకి శ్రుతి పట్టించేది ఆ పాత గొంతులే.

ఆసియా సార్ దగ్గరికి వస్తే, ఆయన జపాన్ గ్రామాల పన్నుల మీద పీహెచ్‌డీ చేశారు. ఆ విషయం మీద ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగిన స్టూడెంటు నాకు కనపడలేదు. సెమిస్టర్‌లో హరప్పా నుంచి జపాన్ మెయిజీ కాలం దాకా, మధ్యలో చైనా మొత్తం, ఆగ్నేయాసియా ఒక వారం. ఇండియాకి మూడు వారాలు. మా పాఠ్యపుస్తకం మౌర్యుల నుంచి గుప్తులకి, గుప్తుల నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి మొఘలులకి దూకేస్తుంది, వింధ్యకి దక్షిణాన ఏముందో చూడాలంటే భూతద్దం కావాలి. క్లాసయ్యాక వెళ్ళి నా గోడు వెళ్ళబోసుకున్నాను. అమరావతి స్తూపం, నాగార్జునకొండ, కాకతీయులు, ఆవేశంగా ఏవేవో చెప్పాను. ఆయన శాంతంగా విని, "వీటిల్లో ఒక్కటి ఎంచుకోండి, పది నిమిషాల్లో చెప్పగలిగేది, చదవడానికి పిల్లలకి ఒక పేజీ ఇవ్వగలిగేది" అన్నారు. ఈయన దగ్గర నేను నేర్చుకున్న అసలు పాఠం ఇదే అనుకుంటా, ఖండం మొత్తాన్ని సెమిస్టర్‌లో పట్టించే మనిషికి ఏం వదిలెయ్యాలో తెలియాలి.

నేను మోటుపల్లి శాసనం ఎంచుకున్నాను. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించింది, బాపట్ల వైపు సముద్రం ఒడ్డున ఉంది. తుఫానుకి ఓడలు ఒడ్డుకి కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాగేసుకునేవారు, మేం అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని వర్తకులకి అభయమిచ్చిన శాసనం. తర్వాత కొన్నేళ్ళకి మార్కో పోలో ఆ రేవు గురించే ముట్‌ఫిలి అని రాశాడు, వజ్రాల గురించి, రాజ్యమేలుతున్న రాణి గురించి రాశాడు. సార్ ఆ పేజీని మంగోలుల నాటి వర్తకం పాఠంలో పెట్టారు. ఓడరేవులో పనిచేసే ఒకతను లేచి, ఓడ మునిగితే సరుకు ఎవరిదన్న గొడవ ఇప్పటికీ ఉందని ఇన్సూరెన్స్ సంగతులు చెప్పాడు, ఆ రోజు క్లాసు టైమ్ దాటినా ఎవరూ లేవలేదు. మరుసటి సెమిస్టర్ సిలబస్‌లోనూ మోటుపల్లి ఉంది, నేను వెబ్‌సైట్‌లో చూసుకున్నాను.

ఈ ఆసియా చదువులు అమెరికాలో పెరిగిన కథ కూడా ఆయనే చెప్పారు. 1957లో రష్యా స్పుత్నిక్ పంపేసరికి అమెరికాకి వెన్నులో వణుకు పుట్టి, 1958లో చట్టం చేసి విదేశీ భాషలకీ దేశాల అధ్యయనాలకీ డబ్బు గుమ్మరించింది. ఆ డబ్బు పెద్ద యూనివర్సిటీలకి పోయింది. చిన్న కాలేజీల టీచర్ల కోసం హోనొలులూలోని ఈస్ట్ వెస్ట్ సెంటర్, హవాయి యూనివర్సిటీ కలిసి 1990లో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. సాహిత్యం చెప్పే వాళ్ళకీ చరిత్ర చెప్పే వాళ్ళకీ ఆసియా గురించి శిక్షణ ఇచ్చి, తమ మామూలు క్లాసుల్లోనే ఆసియాని కలిపి చెప్పేలా చెయ్యడం దాని పని. అమెరికాలో స్థిరపడిన ఆసియా వాళ్ళ గురించి చదివే ఏషియన్ అమెరికన్ స్టడీస్ పుట్టుక వేరు, అది 1968 నవంబరు నుంచి 1969 మార్చి దాకా శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు చేసిన సమ్మెలోంచి వచ్చింది. అంతకు ముందే ఓక్లాండ్‌లో మెరిట్ కాలేజీ కుర్రాళ్ళు నల్లవాళ్ళ చరిత్ర క్లాసు కోసం కొట్లాడారు. నల్లవాళ్ళ హక్కుల కోసం బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టిన హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసింది అక్కడే, మెరిట్ కూడా కమ్యూనిటీ కాలేజీయే.

ఆయనిచ్చిన అసైన్‌మెంట్లలో ఒకటి మాత్రం చెప్పి తీరాలి. మీ ఇంట్లో ఈ దేశానికి మొదట వచ్చిన మనిషి ఏ చట్టం కింద రాగలిగాడో కనుక్కుని రాయండి, అంతే. వియత్నాం అమ్మాయి శరణార్థుల చట్టం గురించి రాసింది. పంజాబీ కుర్రాడొకడు ముత్తాతల దగ్గరికి వెళ్ళి, 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని తేల్చిన కేసు, 1946లో భారతీయులకి ఏడాదికి 100 మంది చొప్పున తలుపు తెరిచిన చట్టం, అన్నీ తవ్వాడు. నేను మాది 1990 చట్టం అని రాశాను, హెచ్1బీ పుట్టింది దాన్లోనే. దాంతోపాటు దరిశి చెంచయ్య గారి గురించి ఒక పేరా పెట్టాను. మన కనిగిరి మనిషి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే కాలిఫోర్నియాకి చదువుకోడానికి వచ్చి, భారత స్వాతంత్ర్యం కోసం అక్కడ పుట్టిన గదర్ పార్టీలో చేరినాయన. సార్ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఈయన గురించి ఇంకా చెప్పండి" అని రాశారు. గ్రీన్‌కార్డు క్యూ గురించి ఏడ్చే మన పార్టీల్లో ఎవరికీ థింద్ కేసు తెలియదు, నాకూ అంతకు ముందు తెలియదనుకోండి.

అంత చేసిన మనిషి క్లాసుని నిరుడు కేన్సిల్ చేశారు. సెమిస్టర్ మొదలవడానికి వారం ముందు మెయిల్ వచ్చిందట, తగినంత మంది చేరలేదని. చాలా కాలేజీల్లో ఇరవై మంది అటూ ఇటూ లెక్క పెట్టుకుంటారు, తగ్గితే క్లాసు ఎత్తేస్తారు. పార్ట్‌టైమ్ వాళ్ళకి క్లాసు లేకపోతే జీతం లేదు. ఉన్న ఒక్క క్లాసు కూడా, ఫుల్‌టైమ్ ఎవరికైనా తక్కువ పడితే వాళ్ళకి పోవచ్చు. 2020లో చేసిన చట్టంతో కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) యూనివర్సిటీల్లో ఎత్నిక్ స్టడీస్, అంటే అమెరికాలోని మైనారిటీ జాతుల గురించి చదివే క్లాసు తప్పనిసరి అయింది, కమ్యూనిటీ కాలేజీలూ ఆ దారిలోనే వచ్చాయి, మంచిదే, ఏషియన్ అమెరికన్ క్లాసులకి గిరాకీ పెరిగింది. కానీ ఆసియా చరిత్ర ఆ లెక్కలోకి రాదు. పిల్లలు ఉన్న కాస్త టైమ్‌లో తప్పనిసరైనదే తీసుకుంటారు, వాళ్ళని తప్పుపట్టలేం.

ఈ ఫాల్ సెమిస్టర్‌కి సార్ క్లాసు మళ్ళీ లిస్టులో కనపడింది, సాయంత్రం పూట. మేడమ్ క్లాసు కూడా ఉంది. మీరుండే చోట కూడా ఇలాంటివి ఉంటాయి, కాలిఫోర్నియాలోనే 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, షెడ్యూల్‌లో మ్యూజిక్, హిస్టరీ, హ్యుమానిటీస్ కింద చూడండి. గ్రేడ్ టెన్షన్ ఉంటే గ్రేడ్ బదులు పాస్, నో పాస్ పెట్టుకునే వీలు చాలా క్లాసులకి ఉంటుంది. హైస్కూలు పిల్లలకి చాలా చోట్ల ట్యూషన్ ఫీజే ఉండదు, కాల్‌క్యులస్‌కి పంపేటప్పుడు దీనికీ ఒకసారి పంపండి. ఒక్క మాట, మొదటి వారం చూసి అప్పుడు చేరదాంలే అనుకోకండి, సీట్లు నిండలేదని అప్పటికి క్లాసే ఎత్తేసి ఉంటారు.